ఫోక్స్‌వ్యాగన్ టీ3 వ్యాన్ కూలింగ్ లైన్లో గాలి తీయడం ఎలా

హోస్ పైపు ఒకటి మార్చారు. వెనక ట్యాంకులో కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) పోశారు. ఏడెనిమిది లీటర్లు పోయగానే ట్యాంకు నిండింది, మూత బిగించి బయల్దేరారు. ఐదు కిలోమీటర్లు పోయేసరికి టెంపరేచర్ ముల్లు పైకి లేచింది, హీటర్ వేస్తే చల్లగాలి వస్తోంది, డ్యాష్‌బోర్డు వెనక గుడగుడమని చప్పుడు. పాత టీ3 వ్యాన్‌లో ఇది తరచూ జరిగేదే. ఆ బండి కూలింగ్ లైను మొత్తం పట్టేది దాదాపు 17.5 లీటర్లు. మీరు పోసింది అందులో సగం కూడా లేదు. మిగతా చోటులో చాలావరకు గాలే.

ఇక్కడ చెప్పేది 1982 చివర్లో వచ్చిన, నీటితో చల్లబడే 'వాసర్‌బాక్సర్' పెట్రోల్ ఇంజన్ల గురించి: మొదట వచ్చిన 1.9 లీటర్లది, 1985 నుంచి వచ్చిన 2.1 లీటర్లది. జర్మనీలో ట్రాన్స్‌పోర్టర్, కారవెల్ అంటారు, బ్రిటన్‌లో టీ25, అమెరికాలో వానగన్, దక్షిణాఫ్రికాలో మైక్రోబస్. పేరేదైనా బండి అదే. 1.6 డీజిల్‌కూ పద్ధతి ఇంచుమించు ఇదే, కూలెంట్ కొలత వేరు. అంతకుముందు వచ్చిన పెట్రోల్ టీ3లు గాలితో చల్లబడేవి కాబట్టి వాటికి ఈ బెడద లేదు. అమెరికాలో సుబారు ఇంజన్ ఎక్కించుకున్నవి చాలా ఉన్నాయి. వాటిలో ముందు భాగం ఇలాగే ఉంటుంది గానీ వెనక ట్యాంకు పైపులు ఎలా తిప్పారన్నది ఇంజన్ ఎక్కించిన వాళ్లను బట్టి మారుతుంది.

గాలి ఎక్కడ ఇరుక్కుంటుంది

ఇంజన్ బండి వెనక ఉంది, రేడియేటర్ ముక్కు దగ్గర నిలబడి ఉంది. రెంటినీ కలుపుతూ ఫ్లోర్ కింద సుమారు 3 మీటర్ల పొడవున రెండు లావు పైపులు. ఇంజన్ నుంచి వేరే గొట్టాలు డ్యాష్‌బోర్డు లోపలి హీటర్‌కు పోతాయి, వాటిలోంచి ఒక పాయ (ఉంటే) వెనక సీటు కింది హీటర్‌కు. అంటే రేడియేటర్ తల ఒక గుట్ట, ముందు హీటర్ ఇంకో గుట్ట, ఇంజన్ మీది పైపులు మరో గుట్ట. వీటి మధ్యలో ఫ్లోర్ కింది పైపులు లోయలాంటివి. గాలి ఎప్పుడూ గుట్ట మీదికే పోయి కూర్చుంటుంది. ముక్కు దగ్గర చేరిన గాలి మళ్లీ లోయలోకి దిగి, మూడు మీటర్లు వెనక్కి పాకి, ట్యాంకులోంచి బయటపడాలంటే తనంతట తాను జరిగే పని కాదు. అందుకే రేడియేటర్ పై మూలలో గాలి తీసే స్క్రూ పెట్టారు.

మారుతి ఆమ్నీ తెలిసినవాళ్లకు ఈ తీరు కొంత పరిచయమే. అక్కడ ఇంజన్ ముందు సీట్ల కింద, రేడియేటర్ ముక్కు దగ్గర. ఆ దూరాన్నే బండి పొడవంతా సాగదీస్తే టీ3 అవుతుంది.

గాలి ఉంటే బండి వేడెక్కుతుందన్నది ఎవరైనా చెప్పే మాటే. అసలు ప్రమాదం ఇంకోటుంది. ఫ్యాన్‌ను ఆన్ చేసే థర్మోస్విచ్ రేడియేటర్ కింది భాగంలో ఉంటుంది. రేడియేటర్లోకి వేడి కూలెంట్ పారకపోతే ఆ స్విచ్ చల్లగానే ఉంటుంది, ఇంజన్ ఉడికిపోతున్నా ఫ్యాన్ తిరగదు. అలాగే టెంపరేచర్ సెన్సర్ గాలి బుడగలో చిక్కుకుంటే, దాని చుట్టూ కూలెంట్ ఉండదు కాబట్టి డ్యాష్‌బోర్డు ముల్లు తక్కువే చూపిస్తుంది. ముల్లు మధ్యలో ఉంది కదా అని ధీమాగా నడిపితే హెడ్‌లు (సిలిండర్ల మీద మూతల్లా ఉండే భాగాలు) పోతాయి. ఈ ఇంజన్‌కు హెడ్‌లు రెండు, ఖర్చూ రెండింతలు.

గాలి తీసే ముందు, గాలి ఎలా చేరిందో చూడండి

కూలెంట్ మార్చిన తర్వాతో, పైపు విప్పిన తర్వాతో గాలి పడితే అది సహజం, కింది పద్ధతితో పోతుంది. ఎవరూ ఏమీ విప్పకుండానే గాలి చేరిందంటే మాత్రం ఎక్కడో కూలెంట్ బయటికి పోతోంది, లేదా ఇంజన్ లోపలి మంట గ్యాసు కూలెంట్‌లోకి వస్తోంది. అలాంటప్పుడు ఎన్నిసార్లు గాలి తీసినా వారం తిరక్కుండా మళ్లీ మొదటికొస్తుంది.

కారే చోట్లు ఈ బండిలో ఇంచుమించు అందరికీ ఒకటే. వాటర్ పంపు, ప్రెషర్ ట్యాంకు ప్లాస్టిక్ అతుకు, ముందు హీటర్ వాల్వు, వెనక హీటర్ వాల్వు, ఫ్లోర్ కింది పైపుల చివరల్లో హోసులు తొడిగిన చోట్లు. తొలి బండ్లలో ఆ పైపులు ఇనుపవి, తుప్పు పడతాయి. తర్వాతి వాటిలో ప్లాస్టిక్‌వి. ఒకసారి బాగా వేడెక్కిన బండిలో ప్లాస్టిక్ కుంచించుకుపోయి చివరి రింగు వదులవుతుంది, క్లిప్పు ఎంత బిగించినా చెమ్మ ఆగదు. ఇంకో పెద్ద చోటు హెడ్‌కూ బ్లాకుకూ మధ్య చుట్టూ ఉండే రబ్బరు గ్యాస్కెట్. బండి కిందికి దూరి టార్చి వేసి చూస్తే అక్కడ కూలెంట్ మరకలు, తెల్లటి పొక్కులు కనిపిస్తాయి.

లోపల గ్యాసు చేరుతోందో లేదో తెలుసుకోవడానికి తేలికైన గుర్తు ఒకటి: రాత్రంతా ఆగిన బండిలో తెల్లవారి ఇంజన్ స్టార్ట్ చేయకుండానే లావు హోసు నొక్కి చూడండి. చల్లటి ఇంజన్‌లో హోసు మెత్తగా ఉండాలి. స్టార్ట్ చేసిన రెండు మూడు నిమిషాలకే, ఇంకా వేడెక్కక ముందే రాయిలా గట్టిపడితే అనుమానించండి. ఖాయం చేసుకోవడానికి బ్లాక్ టెస్టర్ అనే పరికరం దొరుకుతుంది. ట్యాంకు నోటి మీద పెట్టి లోపలి ఆవిరిని నీలం రంగు ద్రవం గుండా పీలిస్తే, మంట గ్యాసు ఉన్నప్పుడు ఆ నీలం పసుపుగా మారుతుంది. పసుపు కనిపిస్తే కింద రాసినదంతా వృథా శ్రమ. ముందు హెడ్ పని చూడాలి.

ట్యాంకులు రెండు, రెండిటి పనీ వేరు

ఈ బండిలో సగం తప్పులు ఇక్కడే జరుగుతాయి. ఇంజన్ బేలో, మందపాటి ప్లాస్టిక్‌తో, గట్టి మూతతో ఉండేది ప్రెషర్ ట్యాంకు. వెనక నంబర్ ప్లేట్ ఉన్న మూత తెరిస్తే కనిపించే పల్చటి డబ్బా రిజర్వాయర్. రోజూ కంటికి కనబడేది రిజర్వాయర్ కాబట్టి చాలామంది అందులోనే పోస్తూ ఉంటారు. ప్రెషర్ ట్యాంకు ఖాళీగా ఉంటే రిజర్వాయర్ నిండా ఉన్నా లాభం లేదు.

పని తీరు ఇదీ: ప్రెషర్ ట్యాంకు ఎప్పుడూ అంచు దాకా నిండి ఉండాలి. ఇంజన్ వేడెక్కినప్పుడు కూలెంట్ ఉబ్బి, ఒత్తిడి సుమారు 1 బార్ దాటగానే మూతలోని స్ప్రింగు వాల్వు తెరుచుకుని, అదనంగా ఉన్నది సన్న పైపు గుండా రిజర్వాయర్లోకి పోతుంది. చల్లారినప్పుడు అదే మూతలోని ఇంకో చిన్న వాల్వు ద్వారా వెనక్కి పీల్చుకుంటుంది. ఆ చిన్న వాల్వు పట్టేసినా, సన్న పైపుకు చీలిక ఉన్నా కూలెంట్ బదులు గాలి పీలుస్తుంది, లేదా ఏదీ పీల్చకుండా హోసులు అప్పడాల్లా చప్పిడి పడతాయి. గాలి తీసే పని మొదలెట్టే ముందు ఆ సన్న పైపు, మూత రెండూ కొత్తవి వేయండి. వాటి ఖర్చు తక్కువ, అవి పాడైతే వచ్చే తంటా ఎక్కువ.

ప్రెషర్ ట్యాంకులో మట్టం చూసే సెన్సర్ కూడా ఉంటుంది. మట్టం తగ్గితే టెంపరేచర్ మీటర్లోని ఎర్ర దీపం మిణుకు మిణుకుమంటుంది. తాళం తిప్పగానే కొన్ని సెకన్లు మిణుకుమని ఆగిపోవడం మామూలే. నడుస్తుండగా మొదలైతే బండి పక్కకు తీయండి.

కావలసినవి

గాఢ కూలెంట్ 9 లీటర్లు, డిస్టిల్డ్ వాటర్ 9 లీటర్లు. రెండూ ఒక్కో లీటరు ఎక్కువే కొనండి. 20 లీటర్లు పట్టే బకెట్లు రెండు, పొడవాటి ముక్కున్న గరాటు, రెండు లీటర్ల జగ్గు. రెండు గట్టి యాక్సిల్ స్టాండ్లు, జాకీ, చక్రాలకు వేసే అడ్డుచెక్కలు. పాత గుడ్డలు, రబ్బరు గ్లోవ్స్. ఒక మనిషి తోడు. దూరం నుంచి వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే సగం అనుమానాలు తీరిపోతాయి. బ్లీడ్ స్క్రూకు (రేడియేటర్ మీది గాలి తీసే స్క్రూ) ఏ పనిముట్టు కావాలన్నది రేడియేటర్ తయారీని బట్టి ఉంటుంది, కాబట్టి ముందే బండి ముక్కు మీది జాలీ తీసి చూసుకోండి. ఇంజన్ నడుస్తుండగా వెతుక్కునే పరిస్థితి తెచ్చుకోవద్దు.

కూలెంట్ ఏదైనా ఫరవాలేదనుకోవద్దు. ఈ ఇంజన్ హెడ్‌లు అల్యూమినియంవి, రబ్బరు గ్యాస్కెట్ కూర్చునే అంచు తినేసిపోవడం దీనికి పుట్టుకతో వచ్చిన జబ్బు. ఫాస్ఫేట్ లేని కూలెంటే వాడాలి. ఫోక్స్‌వ్యాగన్ జీ11 గానీ ఆ తర్వాతి రకాలు గానీ. ఒక రకం మీద ఇంకో రకం కలపొద్దు, కొన్ని కలిస్తే ముద్దలా గడ్డకట్టి హీటర్ గొట్టాలకు అడ్డం పడతాయి. మన ఊళ్లలో రేడియేటర్‌కు బోరు నీళ్లు పోసేసే అలవాటు ఉంది చూశారా, ఆ అలవాటును ఈ బండి దగ్గరికి రానివ్వొద్దు. ఉప్పునీళ్లు లోపల సున్నంలా పేరుకుంటాయి, అల్యూమినియాన్ని తింటాయి.

సగం కూలెంట్, సగం నీళ్లు కలిపితే సుమారు మైనస్ 35 డిగ్రీల దాకా గడ్డకట్టదు. చలి లేని చోట కూడా ఈ పాళ్లు తగ్గించవద్దు, తుప్పు పట్టకుండా కాపాడేది కూడా అదే మందు.

పాళ్ల విషయంలో ఒక లెక్క గుర్తుంచుకోవాలి. పాతది దింపినప్పుడు 17.5 లీటర్లూ బయటికి రావు. ఎంత వచ్చిందో బకెట్లో కొలవండి. లోపల మంచినీళ్లతో కడిగి దింపారనుకుందాం, 13 లీటర్లే వచ్చాయి. అంటే ఇంకా 4.5 లీటర్ల నీళ్లు లోపలే ఉన్నాయి. ఇప్పుడు సగం సగం కలిపినది పోస్తే పాళ్లు పల్చనైపోతాయి. అలాంటప్పుడు గాఢ కూలెంట్ 9 లీటర్లు ముందు పోసి, మిగిలిన 4 లీటర్లు డిస్టిల్డ్ వాటర్ పోయాలి. కడగకుండా పాత కూలెంట్ మీదే కొత్తది పోస్తుంటే సగం సగం కలిపినదే సరి. దింపిన కూలెంట్ తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకి చచ్చిపోతాయి. పిల్లలకు అందనివ్వకుండా మూతున్న డబ్బాలో పోసి పాత ఆయిల్ తీసుకునే చోట ఇచ్చేయండి.

పని మొదలు: చల్లటి ఇంజన్, సమంగా ఉన్న నేల

ఇంజన్ పూర్తిగా చల్లారి ఉండాలి. వేడి మీద ప్రెషర్ ట్యాంకు మూత తిప్పితే మరిగే కూలెంట్ మొహాన కొడుతుంది. ఆ తొందర వద్దు.

డ్యాష్‌బోర్డు మీద హీటర్ మీటను పూర్తిగా వేడి వైపు జరపండి. కేబుల్ పాతబడి ఉంటే మీట జరిగినా వాల్వు తెరుచుకోకపోవచ్చు. ఇంకో మనిషి జరుపుతుండగా మీరు వాల్వు దగ్గర కన్నేసి చూడండి. వెనక సీటు కింద హీటర్ ఉంటే దాని వాల్వు నాబ్‌ను ఎడమకు తిప్పి పూర్తిగా తెరవండి. ఇది మర్చిపోతే ఆ హీటర్లో ఉన్న గాలి అక్కడే ఉండిపోయి, చలికాలంలో మీరు వాల్వు తెరిచిన రోజున లైన్లోకి వచ్చి పడుతుంది. అది కారుతోందని ఎవరైనా గతంలో పైపులు కలిపేసి హీటర్‌ను తప్పించి ఉంటే సరే, అక్కడ చేసేదేమీ లేదు.

బండి ముక్కు మీది పై జాలీ తీయండి. పై అంచున ఉన్న ప్లాస్టిక్ బిగింపులను పావు వంతు తిప్పితే వదులవుతుంది. ముప్పై నలభై ఏళ్ల ప్లాస్టిక్, బలవంతం చేస్తే విరుగుతుంది. లోపల రేడియేటర్ పై మూలలో, ఎడమ స్టీరింగు బండిలో ప్రయాణికుడు కూర్చునే వైపు బ్లీడ్ స్క్రూ కనిపిస్తుంది. దాన్ని మూడు చుట్లు వదులు చేయండి. కింద గుడ్డ పెట్టండి. ఇంజన్ పైన పైపు మీద ఇంకో గాలి స్క్రూ మీ బండికి ఉంటే దాన్నీ తెరవండి.

ఇప్పుడు వెనక ప్రెషర్ ట్యాంకులో నెమ్మదిగా పోస్తూ వెళ్లండి. గబగబా పోస్తే ట్యాంకు నిండినట్టు కనిపిస్తుంది గానీ కింద గాలి ఆగిపోతుంది. రెండు లీటర్లు పోసి ఒక నిమిషం ఆగండి, మట్టం దిగుతుంది, మళ్లీ పోయండి. మధ్యలో లావు హోసులను చేత్తో పిసికితే బుడగలు పైకి వస్తాయి. ఇంజన్ పై స్క్రూలోంచి బుడగల్లేకుండా కూలెంట్ రాగానే దాన్ని బిగించేయండి. ఇలా ట్యాంకు ఇక తీసుకోనంటున్నప్పుడు ఎంత పోశారో ఒక చోట రాసుకోండి. ఈ అంకె చివర్లో పనికొస్తుంది.

ముక్కు పైకి

వెనక చక్రాలకు అడ్డుచెక్కలు వేసి, హ్యాండ్‌బ్రేకు లాగి, గేరు న్యూట్రల్లో పెట్టండి. ముందు భాగాన్ని జాకీతో ఎత్తి, జాకీ పెట్టే చోట్ల కింద స్టాండ్లు పెట్టండి. బండి ముందు భాగం మామూలు కంటే సుమారు 40 సెంటీమీటర్లు పైకి లేవాలి. ఇంజన్ నడుస్తుండగా మీరు ముందు నిలబడి పని చేయాలి కాబట్టి, జాకీ మీద మాత్రమే నిలబెట్టడం ప్రాణానికి తెగించడమే. ఇటుకలు పేర్చడం కూడా అంతే. స్టాండ్లు లేకపోతే, ముక్కు పైకి ఉండేలా ఏటవాలు దారి మీద ఆపండి. ర్యాంపుల మీదికి ఎక్కించినా కొంత నయమే గానీ అవి ఎత్తేది 40 సెంటీమీటర్లలో సగమే.

ఇలా ఎత్తాక రేడియేటర్ తల లైను మొత్తానికీ ఎత్తైన చోటు అవుతుంది, గాలంతా అక్కడికే చేరుతుంది. అయితే ఇప్పుడు ట్యాంకులో పోసింది దానంతటది రేడియేటర్ తల దాకా ఎక్కదు, పంపు తోయాలి. పంపుకు అంత బలం రావాలంటే ఇంజన్ 2,000 ఆర్‌పీఎం మీద తిరగాలి. ఐడిల్ మీద (యాక్సిలరేటర్ తొక్కకుండా) ఎంతసేపు ఉంచినా ఏమీ కాదు, అందుకే చాలామంది గంటసేపు నిలబెట్టి, గాలి పోయిందనుకుని మోసపోతారు. చాలా బండ్లలో ఆర్‌పీఎం మీటరు చోట గడియారం ఉంటుంది. అలాంటప్పుడు ఐడిల్ చప్పుడుకు రెట్టింపు కన్నా కాస్త ఎక్కువ అనిపించేదాకా తొక్కించండి.

తోడున్న మనిషిని సీట్లో కూర్చోబెట్టి యాక్సిలరేటర్ 2,000 దగ్గర పట్టుకోమనండి. ప్రెషర్ ట్యాంకు మూత తీసే ఉండాలి, రేడియేటర్ బ్లీడ్ స్క్రూ మూడు చుట్లు తెరిచే ఉండాలి. స్టార్ట్ కాగానే ట్యాంకు మట్టం ఒక్కసారిగా పడిపోతుంది, మీ చేతిలో నిండు జగ్గు ఉండాలి. మట్టం అడుగుకు పోకుండా పోస్తూ ఉండండి. అడుగుకు పోతే పంపు మళ్లీ గాలి మింగుతుంది, అంతా మొదటికొస్తుంది. ముందు స్క్రూలోంచి మొదట గాలి చీదినట్టు వస్తుంది, తర్వాత నురగ, తర్వాత దగ్గుతున్నట్టు విడతలు విడతలుగా కూలెంట్, చివరికి ఆగకుండా సన్నటి ధార. ధార మొదలవగానే బిగించేయాలనిపిస్తుంది. ఇంకో 20 సెకన్లు ఆగండి. ఆ 20 సెకన్లలో రెండు మూడు బుడగలు తప్పకుండా వస్తాయి.

దీనికి ఇద్దరు కాకుండా ముగ్గురుంటే హాయి: ఒకరు యాక్సిలరేటర్ దగ్గర, ఒకరు ట్యాంకు దగ్గర, ఒకరు స్క్రూ దగ్గర. ఇద్దరే ఉంటే యాక్సిలరేటర్‌ను కర్రతో సీటుకు ఆనించి 2,000 దగ్గర నిలపవచ్చు. ఒక్కరే ఉంటే ఈ పని పెట్టుకోకండి.

ఇప్పుడు ఆపే వరస. దీన్ని తలకిందులు చేయొద్దు: ముందు రేడియేటర్ స్క్రూ బిగించాలి, తర్వాత ట్యాంకును అంచు దాకా నింపి మూత గట్టిగా తిప్పాలి, అప్పుడు యాక్సిలరేటర్ వదలాలి, అప్పుడు ఇంజన్ ఆపాలి. మూత తీసి ఉండగానే ఇంజన్ ఆపితే పంపు తోపుడు ఆగిపోయి ముందు ఎక్కిన కూలెంట్ వెనక్కి దిగి ట్యాంకులోంచి ఫౌంటెన్‌లా పొర్లుతుంది. స్క్రూ కూడా తెరిచే ఉంటే దిగిపోయిన కూలెంట్ చోటులోకి ముందునుంచి గాలి దూరుతుంది. అరగంట శ్రమ అర నిమిషంలో పోతుంది. ఈ పని చేతకాలేదని వాపోయేవాళ్లలో ఎక్కువమంది తప్పేది ఈ వరసలోనే.

స్క్రూను బిగించేటప్పుడు చేతి బలం చూపించవద్దు. ప్లాస్టిక్ తలున్న రేడియేటర్లలో మర ఊడిపోతే రేడియేటరే మార్చాలి. సీలు ఆనేదాకా తిప్పి, ఇంకో పిసరు బిగిస్తే చాలు.

వేడి మీద రెండో విడత

థర్మోస్టాట్ (వేడికి తెరుచుకుని రేడియేటర్ గుండా కూలెంట్‌ను తిరగనిచ్చే వాల్వు) 87 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవుతుంది. అంతవరకు రేడియేటర్ గుండా కూలెంట్ పూర్తిగా తిరగదు, కాబట్టి మూలల్లో దాగిన గాలి కొంత ఇంకా మిగిలే ఉంటుంది. ముక్కు ఎత్తే ఉంచి, మూత బిగించే ఉంచి, ఇంజన్‌ను 1,500 నుంచి 2,000 మధ్య నడపండి. 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఆరుబయటే చేయండి, మూసిన షెడ్డులో పొగ ప్రాణం తీస్తుంది.

హీటర్ గాలి వేడిగా రావాలి. చల్లగానే వస్తుంటే ముందు హీటర్లో గాలి ఉన్నట్టే. 2,500 దాకా రెండు నిమిషాలు, మళ్లీ ఐడిల్, ఇలా నాలుగైదు సార్లు మారిస్తే సాధారణంగా ఒక గుడగుడ చప్పుడుతో వదిలి వేడి మొదలవుతుంది. తర్వాత రేడియేటర్‌ను అంగుళం అంగుళం తడిమినట్టు థర్మామీటర్‌తో చూడండి. పై మూల చల్లగా, కింద వేడిగా ఉంటే పైన ఇంకా గాలే. ముల్లు మధ్య దీపాన్ని దాటి పైకి పోతూ ఉండి రేడియేటర్ మొత్తం చల్లగానే ఉంటే ఆపేయండి: పెద్ద బుడగ ఉంది, లేదా థర్మోస్టాట్ తెరుచుకోవట్లేదు.

అంతా బాగుంటే ఐడిల్ మీద వదలండి. ఇంకో కొన్ని నిమిషాలకు ఫ్యాన్ దానంతటది తిరిగి, కాసేపటికి ఆగాలి. ఫ్యాన్ తిరిగేదాకా బండి దగ్గరినుంచి కదలొద్దు. కూలెంట్ రేడియేటర్ గుండా పారుతోందనడానికి ముల్లు కన్నా అదే గట్టి సాక్ష్యం.

ఫ్యాన్ ఒకసారి తిరిగాక, చేతికి గ్లోవ్స్ వేసుకుని, ఇంజన్ నడుస్తుండగానే, రేడియేటర్ స్క్రూను అర చుట్టు మాత్రం వదులు చేసి చూడండి. ఇప్పుడు లైనులో ఒత్తిడి ఉంది, వచ్చేది మరిగేదే. మొహం పక్కకు పెట్టండి. గాలి వస్తే పోనిచ్చి బిగించండి. మొదటి చుక్కే కూలెంట్ అయితే వెంటనే బిగించండి. ప్రెషర్ ట్యాంకు మూత మాత్రం ఈ దశలో ముట్టుకోవద్దు.

లెక్క సరిచూసుకోవడం

బండిని కిందికి దించి, రిజర్వాయర్లో పై గీత దాకా పోసి, రాత్రంతా వదిలేయండి. తెల్లవారి చల్లటి ఇంజన్‌లో ప్రెషర్ ట్యాంకు మూత తీసి చూస్తే అంచు దాకా ఉండాలి, రిజర్వాయర్లో మట్టం కొద్దిగా తగ్గి ఉండాలి. అంటే పీల్చుకునే వాల్వు పని చేస్తోంది. ప్రెషర్ ట్యాంకు తగ్గి, రిజర్వాయర్ అలాగే ఉంటే మూతో, సన్న పైపో తప్పు.

ఇప్పుడు మొదట రాసుకున్న అంకెకు తర్వాత పోసినవన్నీ కలపండి, బయట కారిపోయినది అంచనాగా తీసేయండి. మీరు దింపినంత లోపలికి పోయిందా? 13 లీటర్లు దింపి 10 లీటర్లే పట్టిందంటే ఇంకా 3 లీటర్ల గాలి లోపలే ఉంది, ముల్లు ఎంత బుద్ధిగా ఉన్నా సరే. మళ్లీ ముక్కు ఎత్తండి. అర లీటరు అటూ ఇటూ అయితే ఫరవాలేదు, అది మొదటి రెండు మూడు ప్రయాణాల్లో రిజర్వాయర్ ద్వారా సర్దుకుంటుంది.

కంప్రెసర్ ఉన్నవాళ్లకు ఇంకో దారి ఉంది: వ్యాక్యూం ఫిల్లర్. ట్యాంకు నోటికి బిగించి లోపలి గాలినంతా ముందే లాగేసి, ఆ ఖాళీలోకి కూలెంట్ పీల్చుకునేలా చేస్తుంది. బండి ఎత్తక్కర్లేదు, తోడు మనిషీ అక్కర్లేదు. గాలి లాగాక ఆ పరికరం మీటరు ముల్లు పది నిమిషాలు కదలకుండా ఉంటే లైను ఎక్కడా కారట్లేదని కూడా తేలుతుంది. హోసులు చప్పిడి పడడం చూసి భయపడొద్దు, అప్పుడు అలాగే ఉంటాయి. ఒక్కటే జాగ్రత్త: పీల్చే గొట్టం ముంచిన బకెట్లో మొత్తం 18 లీటర్లూ ఒకేసారి సిద్ధంగా ఉండాలి. మధ్యలో బకెట్ ఖాళీ అయితే గాలి పీల్చుకుని వ్యవహారం చెడుతుంది. హీటర్ వాల్వులు ఇక్కడా తెరిచే ఉండాలి. ఏడాదికొకసారి పైపులు విప్పే బండి అయితే ఈ పరికరం కొనుక్కోవడమే మేలు.

దారిలో గాలి పడితే

దీపం మిణుకుమన్నా, ముల్లు లేచినా ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా వేసి, వీలైతే ముక్కు ఎగువకు ఉండే చోట ఆపండి. ఇంజన్ ఆపేసి కనీసం ముప్పావు గంట వదిలేయండి. లావు హోసు చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాకే మందపాటి గుడ్డ వేసి ప్రెషర్ ట్యాంకు మూతను కొద్దిగా తిప్పి ఒత్తిడి పోనివ్వండి, తర్వాత తీయండి. కూలెంట్ లేకపోతే మంచినీళ్లైనా పోయండి, కానీ కాలిపోతున్న ఇంజన్‌లో చల్లటి నీళ్లు పోస్తే హెడ్ పగులుతుంది. నింపి, మూత పెట్టి, స్టార్ట్ చేసి రేడియేటర్ స్క్రూ దగ్గర గాలి వదిలితే ఇంటిదాకా చేరవచ్చు. దారిలో పోసిన నీళ్లను ఇంటికొచ్చాక దింపేయండి.

గాలి తీసిన తర్వాత మొదటి వారం దూరాలు పోవద్దు. 10, 15 కిలోమీటర్ల లోపు తిప్పి, ప్రతి ఉదయం చల్లటి ఇంజన్‌లో మట్టం చూడండి. కలిపిన కూలెంట్ 2 లీటర్లు బండిలో ఉంచుకోండి. వేడెక్కి చల్లారడంతో కొత్త హోసులు సర్దుకుంటాయి కాబట్టి, మూడు నాలుగు ప్రయాణాల తర్వాత క్లిప్పులన్నీ ఒకసారి చూసి, వదులైనవి బిగించండి. రెండో వారంలో కూడా రోజూ పావు లీటరు పోయాల్సి వస్తుంటే జాకీ పక్కన పెట్టి, కారేదెక్కడో టార్చితో వెతకడం మొదలుపెట్టండి.